చేతికొచ్చిన సొమ్ము మీదే వడ్డీ లెక్క చూపించండి: రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నరు గారికి,

నమస్కారం.

ప్రతి బుధవారం మీ సంస్థ భారత ప్రభుత్వం తరఫున ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వం కొద్ది నెలలకు చేసే అప్పు పత్రాలు, వేలం వేస్తుంది. 91 రోజుల బిల్లు మీద వడ్డీ ఇంత అని ఎక్కడా రాసి ఉండదు. కొనేవాళ్లు 100 రూపాయల బిల్లుకు, మాటవరసకు, 98 రూపాయల 50 పైసలు ఇస్తారు. 91 రోజులయ్యాక 100 తీసుకుంటారు. అంటే వడ్డీ ముందే పట్టుకుని ఇచ్చే అప్పే. ఆ రూపాయిన్నరను ఏడాది వడ్డీగా మార్చేటప్పుడు మీరు దాన్ని 100తో భాగించరు, 98.50తో భాగిస్తారు. ఎందుకంటే ప్రభుత్వం చేతికొచ్చింది అంతే. అలా కడితే 6.11 శాతం తేలుతుంది. 100తో భాగిస్తే 6.02 వస్తుంది, వినడానికి కాస్త తక్కువగానూ ఉంటుంది. అయినా మీరు ఆ పని చేయరు.

ఈ ఉత్తరం ఆ ఒక్క భాగహారం గురించే. ప్రభుత్వం అప్పు చేసినప్పుడు వేసే లెక్కను రైతుబజారులో ఆకుకూరలమ్మే మనిషి అప్పు చేసినప్పుడు కూడా వేయించండి, వేసింది ఆ మనిషికి అర్థమయ్యేలా కాగితం మీద పెట్టించండి అని అడుగుతున్నాను.

నేను రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో గుమాస్తాగా చేరాను. అందుకని ముందు మీ సంస్థ చేసిన ఒక మంచి పని చెప్పి, ఆ తర్వాత నా ఫిర్యాదు చెబుతాను.

2010 మార్చి వరకు సేవింగ్స్ ఖాతా వడ్డీ ఎలా కట్టేవాళ్లమో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరు రోజు దాకా ఖాతాలో ఏ రోజు అతి తక్కువ నిల్వ ఉందో చూసి, ఆ నెల మొత్తానికి దాని మీదే వడ్డీ వేసేవాళ్లం. ఒకాయనకు 1వ తేదీన 20,000 నిల్వ ఉందనుకోండి. పదో తేదీ దాకా కదిలించలేదు. 11న ఇంటి అద్దెకీ, పిల్లల ఫీజులకీ 18,500 తీశాడు. మిగిలింది 1,500. పది రోజులపాటు ఆయన 20,000 బ్యాంకు వాడుకున్నా, నెల వడ్డీ మాత్రం 1,500 మీదే. అప్పటి 3.5 శాతం రేటుకు 4 రూపాయల 38 పైసలు. 11వ తేదీన డబ్బు వేసినవాడి గతి కూడా ఇంతే, ఆ నెలకు వాడికి సున్నా.

2010 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి తీసేసి, ఏ రోజు నిల్వకు ఆ రోజు లెక్క కట్టాలన్నారు. దీన్నే మేం ప్రొడక్టులు వేయడం అంటాం: ఎంత డబ్బు, ఎన్ని రోజులుంది, రెండూ గుణించి కూడడం. పైన చెప్పినాయనకు 20,000 పది రోజులుంది కాబట్టి 2,00,000. తర్వాత 1,500 ఇరవై రోజులుంది కాబట్టి 30,000. మొత్తం ప్రొడక్టు 2,30,000. దాన్ని రేటుతో గుణించి 36,500తో భాగిస్తే వడ్డీ. 3.5 శాతానికి 22 రూపాయల 5 పైసలు. రేటు పైసా కూడా పెంచకుండానే, లెక్క మార్చినంత మాత్రాన, ఒక మామూలు ఖాతాదారుకు వడ్డీ అయిదింతలైంది. రేటు చూసి మురిసిపోయేవాళ్లకు, తిట్టుకునేవాళ్లకు ఇద్దరికీ ఈ సంగతి పట్టదు. రేటెంత అనేది సగమే. అది దేని మీద వేస్తున్నారు, ఎన్ని రోజులకు వేస్తున్నారు అన్నది మిగతా సగం.

2011 అక్టోబరు 25న సేవింగ్స్ రేటును బ్యాంకుల ఇష్టానికే వదిలేశారు. 2025 జూన్‌లో స్టేట్ బ్యాంకు దాన్ని 2.5 శాతానికి దించింది. అదే 2,30,000 ప్రొడక్టుకు ఈ రేటున పడేది 15 రూపాయల 75 పైసలు. ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు ఇరవై పైసల వడ్డీ. రేటు తగ్గినందుకు నాకు బాధే గానీ, ఈ ఉత్తరం దాని కోసం రాయడం లేదు. లెక్క మాత్రం న్యాయంగా ఉంది. డబ్బు ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు, ఎంత ఉంటే అంతకు.

ఇప్పుడు ఇదే లెక్కను అప్పు వైపు తిప్పి చూద్దాం.

మా ఊరి రైతుబజారులో కూరగాయలమ్మే ఒకావిడ దగ్గర అట్టముక్కంత కార్డు ఉంటుంది. పసుపుపచ్చ కార్డు, అందులో వంద గళ్లు. రోజూ సాయంత్రం బండి మీద ఒక కుర్రాడు వస్తాడు. బండి ఆపకుండానే 'అక్కా' అంటాడు. ఆవిడ గోనెపట్టా కింద నుంచి వంద కాగితం తీసిస్తుంది. వాడు ఒక గడిలో పొట్టి సంతకం గీకి పక్క దుకాణానికి పోతాడు. డైలీ ఫైనాన్స్. 10,000 అప్పు రాసుకుని, అందులో వడ్డీ 1,500 ముందే పట్టుకుని, 8,500 చేతిలో పెడతారు. వంద రోజులు రోజుకు వంద చొప్పున కట్టాలి.

వడ్డీ ఎంత పడుతోందమ్మా అని అడిగితే ఆవిడ టక్కున చెప్పింది. "నూటికి పదిహేనే కదండీ. అదీ మూడు నెలలు దాటి. నెలకు అయిదు రూపాయల వడ్డీ కూడా పడదు. ఎక్కువే అనుకోండి, కానీ అడిగిన గంటలో ఎవరిస్తారు?"

ఆవిడ లెక్కలో మోసపోయే మనిషి కాదు. అరకిలో బెండ, పావుకిలో మిర్చి, రెండు కట్టల కొత్తిమీర నోటితోనే కూడి పైసలతో సహా చెప్పేస్తుంది. అయితే ఫైనాన్స్ వాళ్లు ఆవిడకిచ్చిన అంకెలు రెండే: పది వేలు, పదిహేను వందలు. ఆ రెండింటితో ఎవరు వేసినా నూటికి పదిహేనే వస్తుంది. చేతికి రాని 1,500 మీద కూడా వడ్డీ కడుతున్న సంగతి ఆ అంకెల్లో కనపడదు. రోజూ వంద తిరిగి ఇచ్చేస్తున్నా అప్పు తరుగుతున్న లెక్క కూడా కనపడదు.

మనం సేవింగ్స్ ఖాతాకు వేసినట్టే ఆవిడకు కూడా ప్రొడక్టులు వేద్దాం. కట్టే ప్రతి వందలో 85 అసలు, 15 వడ్డీ అనుకుందాం. మొదటి రోజు ఆవిడ దగ్గరున్న అప్పు 8,500. మర్నాడు 8,415. ఆ మర్నాడు 8,330. ఇలా తరుగుతూ తరుగుతూ నూరో రోజుకు 85. ఈ వంద నిల్వలనూ కూడితే 4,29,250. అంటే సగటున ఆవిడ చేతిలో ఉన్నది 4,300 కూడా కాదు. ఆ 4,300ను వంద రోజులు వాడుకున్నందుకు 1,500 కట్టింది. ఏడాదికి కడితే నూటికి 127 రూపాయలు, నెలకు పది రూపాయల పైన. వాయిదా వాయిదాకూ బాకీ మీద వడ్డీ విడదీసే మీ ఏపీఆర్ (ఫీజులతో సహా అప్పుకు ఏడాదికి పడే ఖర్చు శాతం) పద్ధతిలో కట్టినా 120కి తగ్గదు.

ఇదే 4,29,250 ప్రొడక్టు సేవింగ్స్ ఖాతాలో ఉండి ఉంటే, 2.5 శాతానికి పడే వడ్డీ 29 రూపాయల 40 పైసలు.

ఇక్కడితో అయిపోదు. అరవై గళ్లు నిండేసరికి కుర్రాడు మళ్లీ అడుగుతాడు: 'అక్కా, కార్డు మార్చేద్దామా?' కొత్తగా 10,000 రాస్తారు. అందులో వడ్డీ 1,500, పాత కార్డు బాకీ 4,000 పట్టుకుని 4,500 చేతిలో పెడతారు. పాత కార్డులో మిగిలిన నలభై రోజుల వడ్డీ కూడా ఆ 4,000లోనే ఉంది. వాడుకోని రోజులకు వడ్డీ పోయింది. మళ్లీ వంద గళ్లు మొదలు. ఇలా పసుపు కార్డు మీద పసుపు కార్డు మారుతూ ఉంటే ఆవిడ రోజూ వంద కడుతూనే ఉంటుంది, కార్డు మారినప్పుడల్లా బాకీ మళ్లీ 10,000 అవుతుంది.

ఫైనాన్స్ వాళ్ల వాదన నాకు తెలుసు. హామీ లేదు, కాగితం లేదు, కుర్రాళ్లకు జీతాలివ్వాలి, పెట్రోలు పోయాలి, ఎగ్గొట్టేవాళ్లుంటారు. నిజమే. చిన్న అప్పు ఇచ్చి, రోజూ తిరిగి వసూలు చేయడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చుకు ఎంత తీసుకోవాలన్నది వేరే చర్చ. నేనడిగేది, తీసుకునేది ఎంతో చెప్పి తీసుకోమని. పది రూపాయల వడ్డీ అని తెలిశాక కూడా ఆవిడ తీసుకుంటే అది ఆవిడ ఇష్టం. వీధి వ్యాపారులకు అప్పులిచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధిలో ఇప్పుడు మొదటి విడతగా 15,000 ఇస్తున్నారు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. ఆ అప్పుకోసం మునిసిపాలిటీ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగడం దండగనుకునే మనిషికి, పది రూపాయల వడ్డీ అన్న మాట వింటే ఆ తిరుగుడు దండగనిపించదేమో.

డైలీ ఫైనాన్స్‌లో చాలామంది మీ పరిధిలోకి రారు, వాళ్లు రాష్ట్ర ప్రభుత్వం చూసుకోవలసినవాళ్లు అంటారు మీరు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ (అధిక వడ్డీ అప్పుల) గొడవ బయటపడ్డప్పుడు అందరూ ఆ మాటే అన్నారు. సరే. మీ పరిధిలో ఉన్నవాళ్ల సంగతి చూద్దాం.

ఈమధ్య మా వీధి కుర్రాడొకడు బైక్ కొన్నాడు. షోరూంలోనే ఫైనాన్స్ కంపెనీ మనిషి కూర్చుంటాడు కదా. "పన్నెండు పర్సెంటే బ్రో, ఫ్లాట్" అన్నాడట. అప్పు 60,000, రెండేళ్లు. ఏడాదికి 7,200 చొప్పున వడ్డీ 14,400. మొత్తం 74,400ని 24తో భాగించి నెలకు 3,100 ఈఎంఐ. ఎంత శుభ్రంగా ఉందో చూడండి, ఎక్కడా అతుకు కనపడదు. కానీ ఆఖరి నెలలో కుర్రాడు బాకీ ఉండేది మూడు వేల చిల్లర. ఆ నెల వడ్డీ కూడా అరవై వేల మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఆ పన్నెండు 21.6 అవుతుంది.

అప్పు చేతికొచ్చేటప్పుడు ఇంకో రెండు కోతలు పడ్డాయి. ప్రాసెసింగ్ ఫీజు 1,500. మొదటి ఈఎంఐ 3,100 అడ్వాన్సుగా. అంటే కుర్రాడికి నిజంగా అందింది 55,400, కట్టాల్సింది 3,100 చొప్పున 23 నెలలు. ఇప్పుడు కడితే ఏడాదికి 26.6 శాతం. నూటికి రెండు రూపాయల ఇరవై పైసలు. రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాయించుకుని ఇచ్చే ఊరి ఆసామి వీళ్లకన్నా నయం. ఆయన కనీసం రెండు రూపాయలని నోటితో చెబుతాడు. కుర్రాడు మాత్రం ఆసామి దగ్గరికి వెళ్లకుండా కంపెనీ దగ్గర తీసుకున్నందుకు తనని తాను తెలివైనవాడినే అనుకుంటున్నాడు. నేను అడిగేదాకా.

ఇందులో మీకు తెలియనిదేమీ లేదు. 2024 ఏప్రిల్‌లో మీ సంస్థ రెండు సర్క్యులర్లు ఇచ్చింది, రెండూ నేను ఇష్టంగా చదివాను. (రిటైరైనవాడికి వేరే వినోదమేముంది?) ఏప్రిల్ 29 నాటి దాంట్లో మీ తనిఖీల్లో దొరికిన తప్పులు పేరుపేరునా చెప్పారు. డబ్బు ఇచ్చిన రోజు నుంచి కాకుండా అప్పు మంజూరైన రోజు నుంచో, కాగితాల మీద సంతకం పెట్టిన రోజు నుంచో వడ్డీ వేయడం. చెక్కు రాసిన రోజు నుంచి వడ్డీ మొదలుపెట్టి, చెక్కు మాత్రం చాలా రోజుల తర్వాత ఇవ్వడం. నెల మధ్యలో ఇచ్చినా, నెల మధ్యలో కట్టేసినా నెల మొత్తానికీ లాగడం. ఒకటో రెండో వాయిదాలు ముందే పట్టుకుని, వడ్డీ మాత్రం పూర్తి అప్పు మీద వేయడం. ఇవన్నీ అన్యాయం, ఎక్కువ వసూలు చేసింది తిరిగి ఇచ్చేయండి అన్నారు.

ఒక్కసారి ఆ తప్పులన్నీ మళ్లీ చదవండి. పదో తేదీ నుంచి ఆఖరు దాకా అతి తక్కువ నిల్వ మీద వడ్డీ ఇచ్చిన పాత సేవింగ్స్ పద్ధతికి ఇవన్నీ తోబుట్టువులే. అక్కడ ఉన్న డబ్బుకు, ఉన్న రోజులకు వడ్డీ ఇవ్వలేదు. ఇక్కడ లేని డబ్బుకు, లేని రోజులకు వడ్డీ తీసుకుంటున్నారు. డిపాజిటర్ విషయంలో ఆ జబ్బు 2010లో నయం చేశారు. అప్పు తీసుకున్నవాడి విషయంలో ఇంకా మందులు మారుస్తున్నారు.

ఏప్రిల్ 15 నాటి రెండో సర్క్యులర్ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాలు చెప్పే కాగితం, గురించి. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ అప్పులకూ, చిన్న పరిశ్రమల అప్పులకూ ముందుగా ఆ కాగితం ఇవ్వాలి, అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, విడమరిచి చెప్పి సంతకం తీసుకోవాలి అన్నారు. అందులో మీరిచ్చిన ఉదాహరణ నాకు బాగా నచ్చింది. 20,000 అప్పు, 15 శాతం, 24 నెలలు. ఫీజులు 400 పోగా చేతికొచ్చేది 19,600. ఆ 19,600 మీద లెక్కేసి ఏడాది ఖర్చు 17.07 శాతం అని చూపించారు. ట్రెజరీ బిల్లుకు 98.50తో భాగించినట్టే. నాలుగు వందల కోతకే 15 కాస్తా 17 దాటింది.

లెక్క మీకు తెలుసు, పద్ధతి తెలుసు, రూలు కూడా పెట్టారు. మరి బజార్లో ఏం జరుగుతోంది? మా కుర్రాడికి కూడా ఆ కాగితం వచ్చింది. ఫోన్‌కి పీడీఎఫ్‌గా వచ్చింది. ఇంగ్లీషులో వచ్చింది. చాలా పేజీల కింద ఒక గడిలో ఆ 26 చిల్లర అంకె కూడా ఉంది, నేనే వెతికి చూపించాను. ఓటీపీ చెప్పగానే సంతకం అయిపోయినట్టు. "ఇదేంటి అంకుల్, పన్నెండన్నాడుగా?" అన్నాడు. అవతల షోరూంలో బండికి దండ వేసి, నిమ్మకాయలు పెట్టి, ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తున్నప్పుడు పీడీఎఫ్ పేజీలు ఎవరు తిప్పుతారు?

అందుకని నా మొదటి విన్నపం. ఆ కాగితం మొదటి పేజీలో, మిగతా అన్నింటికంటే పైన, పెద్దక్షరాల్లో, తెలుగు రాష్ట్రాల్లో తెలుగులో, నాలుగే నాలుగు అంకెలు పెట్టించండి: చేతికొచ్చేది ఎంత, మొత్తం కట్టేది ఎంత, ఎన్నాళ్లలో, నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీ. ఆఖరిది ముఖ్యం. ఏడాదికి 26.57 శాతం ఏపీఆర్ అంటే మా వీధిలో తలాడించి ఊరుకుంటారు. రెండు రూపాయల ఇరవై పైసల వడ్డీ అంటే లేచి కూర్చుంటారు. మా వాళ్లకు వడ్డీ తెలిసేది అలాగే. ఉమ్మడి రాష్ట్రంలో పొదుపు సంఘాల మహిళలకు ప్రభుత్వం పథకం పెట్టినప్పుడు దానికి పావలా వడ్డీ అనే పేరు పెట్టింది. అంటే ఏడాదికి 3 శాతం అని ఏ సంఘంలోనూ ఎవరికీ పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు.

జనానికి ఇన్ని అంకెలు చూపిస్తే తికమకపడతారని నాతో పనిచేసిన మిత్రులే అంటారు. చిట్టీ పాట జరిగే చోట ఒక గంట కూర్చుని చూడమంటాను వాళ్లని. లక్ష రూపాయల చిట్టీని ఒకావిడ ఇరవై వేల నష్టానికి పాడుకుంటుంది. చేతికి ఎనభై వేలు వస్తుందని, వదులుకున్న ఇరవై వేలలోంచి కమీషన్ అయిదు వేలు పోతుందని, మిగిలిన నెలల్లో డివిడెండ్ పోను వాయిదా ఎంత కట్టాలో, ఆ డబ్బు బయట వడ్డీకి తెస్తే ఎంతవుతుందో పాడే ముందే వేలి కణుపుల మీద లెక్కేసుకుంటుంది. ముందే కోత కోసి ఇచ్చే డబ్బు లెక్క మా ఆడవాళ్లకు తెలిసినంతగా మీ ఆఫీసుల్లో కూడా కొంతమందికి తెలియదేమో. చిట్టీలో చేతికి ఎంతొస్తుందో పాట దగ్గరే తేలిపోతుంది కాబట్టి లెక్క కుదురుతుంది. డైలీ ఫైనాన్స్‌లో, ఫ్లాట్ రేటులో కుదరనిది అందుకే.

రెండోది, ఆ ఫ్లాట్ అన్న మాట. మీ పరిధిలోని ఏ బ్యాంకైనా, ఏ కంపెనీయైనా, దాని ఏజెంటైనా, వాట్సాప్ ప్రకటనైనా ఫ్లాట్ రేటు చెప్పి అప్పు అమ్మకూడదని ఒక్క వాక్యంలో రాసేయండి. ఎక్కడో పీడీఎఫ్‌లో నిజం రాసి, నోటితో ఫ్లాట్ చెప్పడం చెల్లదని. అప్పు అమ్మే మనిషి నోట్లోంచి వచ్చే అంకె, కాగితం మీది అంకె ఒకటే కావాలి.

లోన్ యాప్‌ల గురించి ఎక్కువ రాయను. 2020 చివర్లో తెలంగాణలో ఎంతమంది ప్రాణాల మీదకు వచ్చిందో మీకు తెలుసు. 5,000 అప్పు అని 3,500 చేతిలో పెట్టి, ఏడు రోజుల్లో 5,000 కట్టమనేవాళ్లు. చేతికొచ్చిన దాని మీద వేస్తే ఏడాదికి 2,200 శాతం దాటుతుంది. 2022 సెప్టెంబరులో మీరు డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చి, ఫీజులన్నీ ఏపీఆర్‌లో కలిపి చూపాలన్నారు. మంచి పని. దొంగ యాప్‌లు మీ నిబంధనలు చదవవు, అది పోలీసులు చూసుకోవాల్సిన పని.

మూడోది చిన్న కోరిక, దీనికి ఖర్చు కూడా కాదు. మా పాస్‌బుక్‌లో మూడు నెలలకోసారి వడ్డీ జమ పడ్డప్పుడు మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక అంకె పడతాయి. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. ఆ వరస కింద ఇంకో వరస వేయించండి: ఈ మూడు నెలల ప్రొడక్టు ఇంత, రేటు ఇంత. కంప్యూటరు ఎలాగూ ఆ అంకె వేసుకునే వడ్డీ కడుతోంది, దాన్ని అచ్చు వేయడమే. ప్రొడక్టును రేటుతో గుణించి 36,500తో భాగిస్తే వడ్డీ వస్తుందని తొమ్మిదో తరగతి పిల్ల కూడా ఫోన్‌లో వేసి సరిచూసుకుంటుంది. తమ డిపాజిట్ మీద ఆ లెక్క వేయడం అలవాటైన మనిషి, తన అప్పు మీద కూడా అదే లెక్క వేస్తాడు. అప్పుడు షోరూంలో ఫ్లాట్ అన్న మాట వినపడగానే ప్రొడక్టు ఎంత అని అడుగుతాడు. ఏటా మీరు జరిపే ఆర్థిక అక్షరాస్యత వారంలో ఓటీపీ చెప్పొద్దని పోస్టర్లు వేస్తారు. అవి వేస్తూనే ఉండండి. వాటి పక్కన వంద గళ్ల కార్డు బొమ్మ వేసి, 4,29,250 ఎలా వచ్చిందో కూడా ఒక ఏడాది వేయండి.

ఈ ఉత్తరం ప్రతులను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీలకు, రెండు ప్రభుత్వాల ఆర్థిక శాఖలకు కూడా పంపుతున్నాను. డైలీ ఫైనాన్స్ వాళ్లు మీ చేతిలో లేరు గానీ ఆ ప్రభుత్వాల చేతిలో ఉన్నారు. వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఇచ్చేటప్పుడు, కార్డు మీద అప్పు 10,000 అని కాకుండా ఇచ్చింది 8,500 అని రాయాలన్న షరతు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదనుకుంటాను. 1918 నాటి యూజూరియస్ లోన్స్ యాక్ట్ కింద అన్యాయపు వడ్డీ అప్పును కోర్టు తిరగదోడవచ్చు. కానీ చేతికొచ్చింది 8,500 అని రాసిన కాగితమే లేనప్పుడు కూరగాయలమ్మే మనిషి కోర్టుకు ఏం చూపిస్తుంది?

బైక్ అప్పుకు నేను అడుగుతున్న మొదటి పేజీ వరస ఇలా ఉంటుంది. మీ వాళ్లు యథాతథంగా వాడుకోవచ్చు:

మీ చేతికి వచ్చేది రూ. 55,400. మీరు కట్టేది రూ. 71,300. నెలకు రూ. 3,100 చొప్పున 23 నెలలు. వడ్డీ నూటికి నెలకు రూ. 2.21.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి